నీళ్ళ మాట

1949 తొలి నెలల్లో, చలి తగ్గి గాలి పొడిబారుతున్న రోజుల్లో, హైదరాబాదులో విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర వర్క్‌షాపులో జూనియర్ మెకానిక్‌గా ఉన్న నన్ను సూర్యాపేటకు డెప్యుటేషన్ మీద పంపారు. ఉత్తర్వులో రాసిన పని ఇది: అధ్యాపకుల మార్పిడి పథకం కింద ఐర్లండు నుంచి వచ్చిన ఒక పండితురాలికి శబ్దాలు పట్టే యంత్రం నడిపి పెట్టడం, అవసరమైతే దుబాసీగా ఉండడం. ఆ "అవసరమైతే" అన్న ముక్క రాసిన గుమాస్తా ఎవరో గానీ చల్లగా ఉండాలి! యంత్రం నడిపింది తక్కువ, మాటలు మోసింది ఎక్కువ. నా చదువంతా ఉర్దూలో, నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా నన్నే పంపారు, ఎందుకంటే నేను సూర్యాపేటవాణ్ణి, ఆ పక్కకు పోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. కొత్త బండి చప్పుడు వినబడితే ఊళ్ళో మగవాళ్ళు చేలకడ్డం పడి పోయే రోజులవి.

తర్వాత నేను రేడియోలో చేరి సౌండ్ రికార్డిస్టుగా రిటైరయ్యాను. పెద్ద పెద్ద విద్వాంసుల గొంతులు పట్టాను. అయినా ఈ వృత్తి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఎండాకాలమే.

ఆ పండితురాలి పేరు నోరా. నలభై దాటిన మనిషి, ఎండకు ముఖం ఎర్రగా కమిలిపోయేది, గొడుగు పట్టుకోమంటే వినేవారు కాదు. సూర్యాపేట ముసాఫిర్ బంగళాలో మా మకాం. ఆమెకు లోపలి గది, నాకూ డ్రైవరు ఖాసిం భాయికీ వరండా. వచ్చిన కొత్తలో డబ్బాల్లో బిస్కెట్లు తెచ్చుకున్నారు గానీ అవి అయిపోయాక జొన్నరొట్టె, పచ్చిపులుసు తినడం నేర్చుకున్నారు. రొట్టె విరవడం మాత్రం చివరిదాకా రాలేదు, రెండు చేతులతో పీకేవారు. ఖాసిం భాయి చూసి నవ్వు ఆపుకోలేక బయటికి పోయేవాడు.

ఆమె వచ్చిన పని ఏమిటో మొదటి రోజే చెప్పారు. చావు ఇళ్ళలో మన ఆడవాళ్ళు పెట్టే శోకాలు ఆమెకు కావాలి. మా వైపు చావంటే ఊరికే కన్నీళ్ళు పెట్టుకోవడం కాదు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాడి రూపం, గుణం, వాడు తొడిగిన చొక్కా, దున్నిన చెలక, అన్నీ మాటలుగా కట్టి రాగం తీసి ఏడుస్తారు. ఆ మాటలు ఎవరూ నేర్పరు, ఎవరూ రాసుకోరు. తమ ఊళ్ళలో కూడా ఒకప్పుడు ఆడవాళ్ళు ఇట్లాగే ఏడ్చేవారని, చదువుకున్నవాళ్ళు అది మోటుతనమని సిగ్గుపడి మాన్పించారని నోరా గారు చెప్పారు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు ఇంటినిండా మనుషులున్నారట గానీ ఏడవడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరట. అందుకే ఇంత దూరం వచ్చానన్నారు.

మా యంత్రం పేరు వైర్ రికార్డర్. టేపులు ఇంకా మా దాకా రాలేదు. తలవెంట్రుకంత సన్నని ఉక్కు తీగ చుట్టిన చక్రం ఒకటి, ఖాళీ చక్రం ఒకటి. తీగ ఈ చక్రం నుంచి ఆ చక్రానికి పరుగెత్తేటప్పుడు మధ్యలో ఉన్న అయస్కాంతపు ముక్క శబ్దాన్ని దాని మీదికి ఎక్కిస్తుంది. తీగ తెగితే రెండు కొసలూ ముడేసి, మిగులు కత్తిరించాలి. ముడి ఉన్నచోట ఒక మాట ఎగిరిపోయేది. ఊళ్ళలో కరెంటు ఎక్కడిది? జీపు బ్యాటరీకి కన్వర్టరు తగిలించి నడిపేవాణ్ణి. ఇంజను ఆపకపోతే దాని రొద తీగకెక్కుతుంది, ఆపితే బ్యాటరీ దిగిపోతుంది. అందుకని ప్రతిసారీ పని అయ్యాక జీపును నలుగురు నెట్టవలసిందే. మైకును చూసి ఆడవాళ్ళు ఇనుప మక్కకంకి అనేవారు.

అసలు చిక్కు యంత్రంతో కాదు. శోకం అడిగితే వచ్చేది కాదు. చావు లేని ఇంట్లో శోకం తీస్తే ఆ ఇంటికి చావు వస్తుందని మా వాళ్ళ నమ్మకం. వేడుకకు కూడా ఎవరూ తీయరు. కాబట్టి ఎవరైనా పోవాలి, మాకు తెలియాలి, మేము పోవాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. ఒకరి చావు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఏం ఉద్యోగమో చెప్పండి! తహసీలు కచేరీలో పాసు రాయించుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. కొన్నాళ్ళకు మా బండికి "సావు జీపు" అని పేరు పడింది. అది ఊరి మొగదలకు రాగానే ముసలివాళ్ళున్న ఇళ్ళ తలుపులు మూసుకునేవి. ఒక ముసలమ్మ మాత్రం మంచంలో నుంచి లేచి కూర్చుని, "ఇగో దొరసానీ, నేను ఇప్పుడే పోను, నువ్వు మల్ల ఏడాది రా" అని మమ్మల్ని సాగనంపింది. నోరా గారికి తర్జుమా చేసి చెబితే ఆమె పడీ పడీ నవ్వారు.

మొదటి మంచి శోకం కోదాడ అవతల ఒక ఊళ్ళో దొరికింది. పండు ముసలివాడు పోయాడు. ఆయన కొడుకు మమ్మల్ని చూసి కాసేపు తటపటాయించి, "మా నాయన గొంతు ఎట్టాగూ పోయింది, ఏడుపన్నా ఉండనీయండి" అన్నాడు. అక్కడ అందరికంటే గట్టిగా పట్టిన గొంతు వెంకమ్మది. చెరువు కట్ట కింద గుడిసెలో ఉండే ఒంటరి మనిషి. గేదెలు మేపుకునేది, ఊళ్ళో ఎవరు పోయినా ముందుండేది. ముసలాయన గుణగణాలన్నీ ఏడ్చాక, శోకం చివరికొచ్చి ఆమె ఇంకెవరి మీదికో మళ్ళింది. అదీ మామూలే. ఒక చావులో ప్రతి ఆడమనిషీ తన చావులన్నీ తలుచుకుంటుంది. అయితే వెంకమ్మ తలుచుకున్నది పేరు తెలియని మనిషిని.

"ఎవరు కన్న బిడ్డవో నా నాయనా, ఏ ఊరి దీపానివో నా తండ్రీ, భుజాన పచ్చంచు అతుకేసుకొస్తివా, అతుకేసిన చెయ్యి యాడుందో చెప్పకపోతివా, నా చేతి నీళ్ళు తాగి నిద్దరపోతివా..."

తర్వాత అడిగితే పక్కనున్న ఆడవాళ్ళు చెప్పారు. అంతకు ముందు వానాకాలంలో, ఆ గొడవల రోజుల్లో, కట్ట పక్కన ఒక కుర్రవాడు తుపాకి దెబ్బతో పడి ఉన్నాడట. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు, తెలిసినా అనరు. ఊళ్ళోవాళ్ళు భయంతో అప్పటికప్పుడు పూడ్చిపెట్టారు. ఏడ్చేవాళ్ళు లేకుండా మనిషి మట్టిలోకి పోకూడదని వెంకమ్మ ఒక్కతే కూర్చుని ఏడ్చింది. అప్పటి నుంచి ఎవరి చావుకు పోయినా చివర వాణ్ణి కలుపుకుని ఏడుస్తుంది. నేను చక్రం మీద ఊరి పేరు రాసి డబ్బాలో పెట్టాను.

మిర్యాలగూడ వైపు పోవడం ఆ తర్వాత. ఇప్పుడా ప్రాంతం చూసినవాళ్ళకు అప్పటి సంగతి నమ్మబుద్ధి కాదు. కాలవలు లేవు, మిల్లులు లేవు, రైలు లేదు. జొన్న, ఆముదం, ఎర్ర దుబ్బ నేల. సూర్యాపేట నుంచి పోవాలంటే మూసీ ఇసుకలో జీపు దిగబడేది, ఖాసిం భాయి చక్రాల కింద కంప వేసి, "యా అల్లా, ఇది నౌకరీయా, సజాయా" అనేవాడు. త్రిపురారానికీ నిడమనూరుకూ నడుమ ఒక చిన్న ఊళ్ళో ముత్యాలమ్మ అనే ఆమె ఉందని, ఆమె శోకం పెడితే రాతికైనా కన్నీళ్ళొస్తాయని దారిపొడుగునా చెప్పారు.

ముత్యాలమ్మకు ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నుదుట పెద్ద బొట్టు, చేతులనిండా గాజులు. ఇంట్లో ఆమె, ఆమె అత్త లచ్చమ్మ, ఇద్దరే. మేము వచ్చిన పని చెప్పగానే మొహం మీద తలుపు వేయలేదు, అది ఆమె మర్యాద. చాప వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది.

"శోకమంటే పాట గాదు తమ్మీ. పాటైతే ఇప్పుడే పాడుదును. శోకానికి పీనుగ గావాలె. పీనుగ ఉన్నా నేను పెట్ట. పోయిన వానకాలం నుంచి ఎవరి సావుకు పోయినా నోరు మూసుకొని కూసుంటున్న."

కారణం ఆమె చెప్పలేదు, అత్త చెప్పింది. ముత్యాలమ్మ భర్తను, ఇంకో ఇద్దరితో కలిపి, వానాకాలంలో లారీ ఎక్కించుకుని పోయారు. పొద్దుగూకేసరికి వస్తారన్నారు. ఆ ఇద్దరూ ఎక్కడెక్కడో తిరిగి ఇల్లు చేరారు గానీ ఇతను రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. లచ్చమ్మకు కొడుకు పోయాడని కడుపులో తెలిసిపోయింది. ముత్యాలమ్మ ఒప్పుకోదు.

"నా కడుపున పుట్టినోన్ని నన్ను ఏడ్వనియ్యది బిడ్డా" అంది లచ్చమ్మ. "ఏడ్వకుంటే వానికి దారి యాడ దొరుకుతది? గాలిలెక్క తిరుగుతుండు. నేను పోతే ఇగ వాన్ని ఏడ్చెటోళ్ళే ఉండరు."

"నా నోట్లె శోకం మొదలైతే ఆయన మీదికే పోతది" అంది ముత్యాలమ్మ, అత్త వైపు చూడకుండానే. "ఎవరి సావైనా గాడికే పోతది, ఆపుడు నా తరం గాదు. ఆయన బతికి యాడన్న ఉంటే? నా నోటితోని నేనే సంపుకోవాల్నా?"

ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఆ ఇద్దరూ నెలల తరబడి మాట్లాడుకోవడం లేదని తర్వాత తెలిసింది. మాటలు ఆగకముందు అత్త బతిమాలేది ఏడ్వనిమ్మని, కోడలు బతిమాలేది ఏడ్వద్దని. ఇద్దరిదీ ఒకే మనిషి మీద ప్రేమ, ఏం చేస్తారు! నోరా గారు అంతా విని, ఇక అడగవద్దని నాకు సైగ చేశారు. ఆ ఊళ్ళో మా పని అయిపోయినట్టే.

అయితే మాకు ఒక అలవాటు ఉండేది. ఒక ఊళ్ళో పట్టింది ఇంకో ఊళ్ళో వినిపించేవాళ్ళం, యంత్రమంటే భయం పోవాలని. శోకం కాబట్టి ఇళ్ళ మధ్య పెట్టనివ్వరు. ఊరి పొలిమేర దాటి, మోటబావి దగ్గర పెట్టాలి. వెళ్ళిపోయే రోజు పొద్దున అక్కడ యంత్రం దించితే కోదాడోళ్ళ ఏడుపు ఎట్లుంటదో చూద్దామని ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. ముత్యాలమ్మ కూడా వచ్చి దూరంగా మోటదారి గట్టు మీద కూర్చుంది. ఎంతైనా ఆ విద్యలో ఆరితేరిన మనిషి, ఇంకొకరి గొంతు వినాలని ఉండదా?

వెంకమ్మ శోకం మొదలైంది. ముత్యాలమ్మ కాసేపు విని, "గొంతు గట్టిదే, జర తొందర పడ్తది" అంది. అందరూ నవ్వారు. ముసలాయన కథ అయిపోయింది. "ఎవరు కన్న బిడ్డవో" అన్న మాట వచ్చింది. నేను తీగ బిగువు చూసుకుంటూ వంగి ఉన్నాను. ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. తల ఎత్తితే ముత్యాలమ్మ.

"ఆపు" అంది. ఆపాను. "మల్ల పెట్టు" అంది.

తీగ వెనక్కి తిప్పితే గొంతు తలకిందులై కిచకిచమంటుంది. ఆ చప్పుడుకు ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. వాళ్ళకింకా ఏమీ తెలియదు. నేను మళ్ళీ పెట్టాను. భుజాన పచ్చంచు అతుకు, అతుకేసిన చెయ్యి యాడుందో. ముత్యాలమ్మ యంత్రం పక్కన నేల మీద కూలబడింది.

"గది నేనేసిన అతుకు" అంది. "అంగీ భుజం కాడ చినిగింది. నా లగ్గం చీర అంచు కోసి ఏసిన. వద్దన్నడు. నవ్వుతరన్నడు. నేనే ఏసిన."

లచ్చమ్మకు అప్పుడు అర్థమైంది. రెండు చేతులూ పైకెత్తి నోరు తెరిచింది. ముత్యాలమ్మ లేచి అత్త నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. "ఆగు అత్తా. నీళ్ళ మాట తేలనియ్యి."

నీళ్ళ మాట ఏమిటని అడిగాను. ఆమె నాకు ఓపిగ్గా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. శోకంలో మనిషి రూపం, బట్ట, గుర్తులు ఉన్నవే చెప్పాలి, లేనివి కల్పిస్తే తప్పు. నీళ్ళ మాట అట్లా కాదు. చివరి గుక్క నీళ్ళు తాగి పోయాడని ప్రతి శోకంలోనూ పెడతారు, తాగినా తాగకపోయినా పెడతారు. దప్పికతో పోయాడని పీనుగ ముందు అనరాదు.

"నేను కూడ ఎంతమందికో పెట్టిన" అంది. "నీళ్ళు మింగనోళ్ళకు సుత పెట్టిన. గందుకే నాకు నమ్మకం లేదు. పోయి ఆమెను అడిగి రా. నిజంగ తాగిండా? ఆయనకు దూప ఎక్కువ తమ్మీ. మోట కొట్టుకుంట దోసిళ్ళకు దోసిళ్ళు తాగేటోడు."

ఆమె మాటే తీగ మీద పట్టుకుని పోదామని నోరా గారు అన్నారు. కొత్త చక్రం ఎక్కించాను. ముత్యాలమ్మ మైకు ముందు కూర్చుంది గానీ మొదటి మాటకే ఆగిపోయింది. ఆయన పేరు చెప్పాలి. పెనిమిటి పేరు ఆమె జన్మలో పలికింది లేదు. లచ్చమ్మ ముందుకు జరిగి, మైకును రెండు చేతులతో పట్టుకుని, "నా కొడుకు పేరు సైదులు" అంది. నెలల తరబడి మూసుకున్న నోరు కదా, ఆ పేరును మూడు నాలుగు సార్లు చెప్పింది. తర్వాత ముత్యాలమ్మ అడగవలసింది అడిగింది.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయాం. వెంకమ్మ గేదెలకు కుడితి పెడుతూ మమ్మల్ని చూసి, "మళ్ళీ వచ్చారా నాయనా, ఎవరన్నా పోయారా ఏంటి కొంపదీసి?" అని నవ్వింది. నేను యంత్రం దించి చక్రం పెట్టాను.

విన్నంతసేపూ ఆమె కుడితి చెయ్యి అట్లాగే గాల్లో పట్టుకుని ఉంది. "సైదులా" అంది. మళ్ళీ, నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు, "సైదులు" అంది. "ఇన్నాళ్ళూ ఎవరు కన్న బిడ్డవో అనే ఏడిచా గదయ్యా. తల్లి ఉంది. అతుకేసిన పిల్ల ఉంది." చెంగుతో చెయ్యి తుడుచుకుని, జవాబు పట్టుకోమంది. నేను మీట నొక్కాను.

"అమ్మా, నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు. తాగాడమ్మా. నా చేత్తో పోస్తే రెండు గుక్కలు తాగాడు. చల్లగా పోయాడు." అంతే చెప్పి, ఇక చాలు, ఆపమని నాకు చెయ్యి ఊపింది. ఆపాను.

యంత్రం ఆగాక తీగ కొస పట్టి, చక్రం తీసి, డబ్బాలో పెట్టడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ సేపట్లో వెంకమ్మ నా పక్కన గొంతుక్కూర్చుంది.

"నేను చూసేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది నాయనా" అంది మెల్లగా. "నోరు తెరిచి పోశా. లోపలికి పోలా, పక్కకే కారిపోయాయి. అయినా పోశా. ఎవరూ పోయకుండా ఎట్టా పంపను? మొహం కడిగి, కళ్ళు మూసి, అప్పుడు వీళ్ళను పిలిచా." "ఇది దాంట్లోకి ఎక్కలేదు గదా?" అని అడిగింది. ఎక్కలేదన్నాను. "ఎక్కకూడదు" అంది.

తిరుగు దారిలో నోరా గారు, చివర ఆమె ఏం చెప్పిందని అడిగారు. దుబాసీని కాబట్టి చెప్పాను. ముత్యాలమ్మ ఆ మాట నిన్నే అడుగుతుంది, యంత్రాన్ని అడగదు అన్నారు. అడగదని నా మనసుకు నేను చెప్పుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణి!

మోటబావి దగ్గరే మళ్ళీ దిగాం. ఈసారి ఊరంతా వచ్చింది, మగవాళ్ళు కూడా. వెంకమ్మ జవాబు వినిపించాను. తాగాడమ్మా, రెండు గుక్కలు తాగాడు. లచ్చమ్మ కళ్ళు మూసుకుంది. ముత్యాలమ్మ తీగ చివరంటా పోయి చక్రం ఊరికే తిరిగేదాకా చూసి, యంత్రాన్ని వదిలి నా ముఖంలోకి చూసింది.

"మిషిని బందువెట్టినంక ఏమన్న చెప్పిందా తమ్మీ?"

నా వృత్తిలో నన్ను ఎందరో ఎన్నో అడిగారు. అంత కష్టమైన ప్రశ్న ఇంకొకటి లేదు. అబద్ధం చెబితే ఆమె పట్టేస్తుంది, ఏ మాట ఉన్నదో ఏ మాట పెట్టిందో ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఉన్నదంతా చెబితే వెంకమ్మ ఇచ్చిన రెండు గుక్కలూ నేను లాక్కున్నట్టు. "నీళ్ళు పోసిన అన్నది" అన్నాను.

"పోసిందా?"

"పోసింది. తన చేతితోని పోసింది. మొహం కడిగింది."

ముత్యాలమ్మ నన్ను అట్లాగే చూసింది. తాగిండా అని మళ్ళీ అడగలేదు. "సాలు" అంది. "పోసెటామె ఉన్నది. సాలు."

అత్త దగ్గరికి పోయి కూర్చుని, మెడ చుట్టూ చేతులు వేసి, మొదలుపెట్టింది.

ఏ గొంతు కోసం మేము మూసీ ఇసుకలో అన్నిసార్లు దిగబడ్డామో ఆ గొంతు అది. యంత్రం సిద్ధంగానే ఉంది, కొత్త చక్రం పక్కనే ఉంది, కన్వర్టరు గుంయిమంటోంది. నేను నోరా గారి వైపు చూశాను. అన్ని నెలల్లో ఆమె ఆ యంత్రాన్ని ఒక్కసారి ముట్టుకోలేదు. వచ్చి, వంగి, తన చేత్తో కన్వర్టరు తీగ ఊడబీకారు. గుంయిమనడం ఆగిపోయింది.

మర్యాదగా వెళ్ళిపోదామంటే బ్యాటరీ దిగిపోయి జీపు కదలలేదు. నెట్టమని ఆ సమయంలో ఎవరిని అడుగుతాం? ముగ్గురం బండిలో కూర్చుని మొత్తం విన్నాం. దున్నిన చెలక, ఎత్తిన మోట, వద్దంటే వేసిన అతుకు, నవ్వుతారని సిగ్గుపడిన మనిషి. చివర నీళ్ళ మాట దగ్గరికి వచ్చింది. ముత్యాలమ్మ "తాగి" అనలేదు. "అక్క పోసిన నీళ్ళు ఉన్నయి నా రాజా నీ మొకాన" అంది. ఖాసిం భాయి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నోరా గారు కళ్ళు తుడుచుకోకుండా నిటారుగా కూర్చున్నారు, వాళ్ళ అమ్మ గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు. అన్నీ అయ్యాక ఊరి మగవాళ్ళే వచ్చి జీపును నెట్టారు.

చదువుల ఏడాది ముగిసి నోరా గారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. నేను తర్వాత కోదాడ మీదుగా పోయినప్పుడల్లా కట్ట దగ్గర ఆగేవాణ్ణి. వెంకమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి శోకం చివరా ఆ కుర్రవాణ్ణి కలుపుకుంది, పేరు పెట్టి. ఇప్పుడు ఆ ముగ్గురు ఆడవాళ్ళూ లేరు. అందుకే ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు మైకు ఎంత దూరంలో పెట్టాలో, గాలి ఎట్లా ఆపాలో అన్నీ చెప్పాను. దానితో పాటు ఇదీ చెప్పాను: మీట నొక్కి ఆపగానే లేచి పోవద్దు. తీగలు మెల్లగా చుట్టుకోండి. మనిషి చెప్పవలసిన మాట చాలాసార్లు అప్పుడు చెబుతాడు. ఆ మాట వినడం మీ ఉద్యోగం, దాన్ని ఎక్కించడం మీ ఉద్యోగం కాదు.

నోరా గారి నివేదికలో ఆ ఊరి పేరు ఎదుట "శోకం లభించలేదు" అని ఒక్క ముక్క ఉంటుంది. అది చదివిన పై అధికారి ఒకాయన, అంత తిరిగి ఏం లాభమయ్యా, ఉత్త చేతులతో వచ్చారు అన్నాడు. అవునండీ అన్నాను.